పక్కింటి టొమాటోలకు నీళ్ళు

"అమ్మమ్మా, హెలికాప్టర్ సౌండ్ వస్తే నువ్వెందుకు అట్లా లోపలికి రన్ చేస్తావు? మమ్మీని అడిగితే నిన్నే అడగమంది."

అడగమందా మీ అమ్మ? నిజంగా ఆ మాటే అందా? సరే అయితే. దాని నోటితోనే అందంటే ఇంక నాకు అడ్డేముంది. ముందు ఆ ఫోను యాడ పెట్టావో చూపించు. రికార్డు చేసుకుంటే చేసుకో గానీ హాసినీ, ఇది నీ దగ్గరే ఉండాల. ఆల్బనీలో నీతో ఫ్లాట్‌లో ఉండే పిల్లలకు వినిపించడం, వాళ్ళు ఇంకెవరికో పంపడం, అట్టాంటి పనులు వద్దు తల్లీ. అయిపోయిన సంగతే. అయినా నాకు దడ పోలా.

ఆ హెలికాప్టరు హాస్పిటల్‌కి రోగుల్ని మోసుకొచ్చేదేనని నాకు తెలుసు. రోజూ మన ఇంటి మీదగానే పోద్ది. నా బుర్రకు తెలుసు, కాళ్ళకు తెలియదు. కాళ్ళు వాటంతట అవే లోపలికి లాక్కొస్తాయి. ఎందుకో చెప్తా, కూర్చో. ఆ దుప్పటి కప్పుకో, ఈ ఇళ్ళల్లో గోడల్లోంచి వస్తుంది చలి.

నిన్ను ఆల్బనీ కాలేజీలో దించి వచ్చామే, ఆ ఏడు. నువ్వు లేక ఇల్లు బోసిగా ఉండేది. మీ అమ్మకు హాస్పిటల్ షిఫ్టులు, మీ నాన్నకు ఆఫీసు. పొద్దున రెండు కార్లూ బయటికి పోయాయంటే సాయంత్రం దాకా నేనూ, ఈ పెరడూ. ఈ హామిల్టన్లో కారు లేనిదే ఉప్పు పొట్లం తెచ్చుకోలేం గదా. నాకు ఊరంటే పక్కిల్లే.

పక్కింట్లో ఇప్పుడు మార్గ్ గారొక్కరే గానీ అప్పుడు ఆయన కూడా ఉన్నాడు, కాలిన్ గారు. పిల్లల్లేరు వాళ్ళకు. ఆయన వయసులో ఉండగా ఊరి బయట పాడి ఫారం నడిపాడంట. తాటిచెట్టంత మనిషి. అంత మనిషికీ వెన్నులో క్యాన్సరొచ్చి, వాకర్ పట్టుకుని వెనక చెక్క అరుగు, డెక్కంటారే, దాని దాకా రావడమే గగనమయింది. నా ఇంగ్లీషు నీకు తెలుసు గదా, నవ్వబాక, వినేవాళ్ళకు పుణ్యం. కానీ ఆయనతో ఆవుల గురించీ, ఎరువు గురించీ, వాన గురించీ అయితే నాకు మాటలే అక్కర్లా. చేత్తో చూపిస్తే అర్థమయ్యేది. మా పుట్టిల్లు కందుకూరు పక్కన, పొగాకు పండించే ఊరు. నాకు ఊహ తెలిసేటప్పటికే నారుమడిలో ఉన్నా. రోజు కూలి మూడు రూపాయలున్న నాటి మాట. మా నాయన కూలోళ్ళను పెట్టకుండా మా అక్కచెల్లెళ్ళందరినీ దింపేవాడు మడిలో. మా పెద్దక్కయితే ఆకు జిగురు జుట్టుకంటుకుని... ఆఁ, అది ఇంకోసారి.

యాడున్నా? ఆఁ, మార్గ్ గారు. ఒక పొద్దున ఈ డెక్కు మీద బట్టలారేస్తున్నా. అటు నుంచి ఒక్క కేక. కంచె మీదగా చూస్తే తడి మెట్ల మీద పడి ఉంది ఆవిడ, కాలు అటు తిరిగిపోయి. మీ నాన్న ఇంకా బయల్దేరలా, అదృష్టం. ఆయనే అంబులెన్సుకు ఫోన్ చేశాడు. తుంటి ఎముక విరిగింది. స్ట్రెచర్ మీద ఎక్కిస్తుంటే ఆవిడ అంత నొప్పిలో నా చెయ్యి పట్టుకుంది. "రత్నా, టొమాటోలకు నీళ్ళు పొయ్యి. నువ్వే పొయ్యాల. ఇంకెవర్నీ పంపబాక." నోబడీ ఎల్స్, నోబడీ ఎల్స్ అని రెండుసార్లంది. ఎముక విరిగిన మనిషికి టొమాటోల మీద అంత యావేంది అనుకున్నా నేను. పాపం, ముసలితనం, చాదస్తం అనుకున్నా.

ఆ సాయంత్రం వాళ్ళ పెరట్లోకి పోయా. చివర్న గ్లాస్‌హౌస్ ఉంది గదా, అద్దాలది. తలుపు తీసి చూస్తే ముందు వరసలో టొమాటోలే, ఎర్రగా, కాయ బరువుకు వంగి ఉన్నాయి. వాటి వెనకాల నా ఎత్తున మూడు మొక్కలు. వేళ్ళు చాపినట్టు చీలికల ఆకులు, అంచుకు పళ్ళు. నేనేమనుకున్నానో తెలుసా? గోంగూర అనుకున్నా! నిజం, మీ నాన్న మీదొట్టు. కాడ గోంగూర ఆకు అట్టాగే ఉంటుంది. ఓరినీ, ఈ చలిదేశంలో ఈవిడ గోంగూర ఇంత ఏపుగా ఎట్టా పెంచిందబ్బా, మనకొక్క మాటైనా చెప్పలేదే అని, రేపు పప్పులోకి నాలుగాకులు అడుగుదామనుకున్నా.

ఒకాకు తుంచి నలిపి వాసన చూశా. నా చెయ్యి అక్కడే ఆగిపోయింది.

మా చిన్నప్పుడు ఊరి బయట మఠంలో ఒక బైరాగి ఉండేవాడు. ఆ దోవన పోతుంటే మా అమ్మ కొంగు మా ముక్కులకు అడ్డం పెట్టేది. అదే వాసన. గంజాయి. వాసనకు వయసుండదమ్మా.

ఆ ఆకు గుప్పిట్లో పెట్టుకుని వాళ్ళింట్లోకి పోయా. కాలిన్ గారు కిటికీ దగ్గర కుర్చీలో ఉన్నాడు. గుప్పిట తెరిచి చూపించి, "కాలిన్ గారూ, వాట్ ఈజ్ దిస్?" అన్నా.

ఆయన ఆకు వంక చూశాడు, నా వంక చూశాడు. "టొమాటో," అన్నాడు.

"నో టొమాటో. ఐ నో," అన్నా.

ఆయన వీపు మీద చెయ్యి పెట్టి చూపించాడు. దీనికోసం అన్నాడు. డాక్టరు దగ్గర ఒకసారి కదిపితే ఆ డాక్టరుకు ఇష్టం లేకపోయిందంట, ఇంక రెండోసారి అడగలా. అడగడం చేతగాదు ఆయనకు. మార్గ్ గారు ఎవర్నో అడిగి గింజలు తెచ్చి వేసింది. "నువ్వు చెయ్యనక్కర్లేదు రత్నా. కావాలంటే పీకి పారేసెయ్. నేనేమీ అనుకోను," అన్నాడు. అనేటప్పుడు నా మొహం చూడలా, కిటికీలోంచి ఆ అద్దాల గది వంకే చూస్తున్నాడు.

ఇంటికొచ్చి చేతులు ఎన్నిసార్లు కడుక్కున్నానో. ఈ దేశంలో డాక్టరు రాసిస్తే కొనుక్కోవచ్చంట గానీ, ఇంట్లో పెంచితే నేరమేనంట. అది నాకప్పటికే తెలుసు, మీ నాన్న వార్తలు పెట్టినప్పుడు విన్నా. మీ అమ్మ నర్సు. ఇక్కడ నర్సుగా చెయ్యాలంటే కావాల్సిన ఆ రిజిస్ట్రేషన్ కోసం అది పడ్డ పాట్లు నాకు తెలుసు. మనూళ్ళో అన్నేళ్ళ నర్సు ఇక్కడికొచ్చి మళ్ళీ ఇంగ్లీషు పరీక్షలు, మళ్ళీ చదువు, మధ్యలో ముసలోళ్ళ హోమ్‌లో పక్కలు మార్చే పని. దాని తల్లి పక్కింట్లో గంజాయికి నీళ్ళు పోస్తూ దొరికిందని తెలిస్తే? నన్ను పంపేస్తే పంపేస్తారు, పోయి కందుకూరులో కూర్చుంటా. దాని బతుకేం గాను?

పీకేద్దామనే అనుకున్నా. పీకేద్దామనే పోయా మర్నాడు.

మీ తాత చివరి రోజులు నువ్వు చూళ్ళేదు. నువ్వు ఇక్కడ చంటిపిల్లవి. గొంతులో క్యాన్సరు. మా ఊళ్ళో అప్పుడు నొప్పికి పెద్ద మందు దొరికేది కాదు. ఒంగోలు పోయినా కాయితాలు కావాలనేవాళ్ళు. ఆయన మూలుగు పక్కింటోళ్ళకు వినపడకూడదని తలగడ నోట్లో కుక్కుకునేవాడు. నేను పక్కన కూర్చుని విసనకర్ర విసరడం తప్ప ఏం చెయ్యలేకపోయా. కాలిన్ గారు కూడా అంతే, నొప్పొచ్చినప్పుడు కుర్చీ చెయ్యి పట్టుకుని పళ్ళు బిగించేవాడు, ఎట్టా ఉందంటే "నాట్ టూ బ్యాడ్" అనేవాడు, అంత బాధేం లేదని. మొక్క మొదట్లో చెయ్యి పెట్టినదాన్ని పెట్టినట్టే తీసేశా. నీళ్ళు పోసి వచ్చేశా.

మీ అమ్మకు చెప్పలా. టొమాటోలకు నీళ్ళు పోసొస్తా అని పోయేదాన్ని. అబద్ధం కాదు గదా, టొమాటోలకూ పోశా.

ఎండలు తగ్గేకొద్దీ అవి పూతకొచ్చాయి. అప్పుడు మొదలైంది అసలు బాధ. పూతొచ్చాక ఆ వాసన, ఏమని చెప్పను, తలుపులు మూసినా, అద్దాల సందుల్లోంచి కంచె దాటి వచ్చేది. సాయంత్రం మీ నాన్న కారు దిగి, ముక్కెగరేసి, "ఏంటత్తయ్యా ఈ వాసన? ఏదో చచ్చినట్టుంది," అనేవాడు. నా ప్రాణం పోయేది. మనవాళ్ళ కొట్లుండే పాపటోయిటోయి పోయినప్పుడు అక్కడ ఇండియన్ షాపులో సాంబ్రాణి కప్పులు పెద్ద డబ్బా తెప్పించా ఆయన చేతే. రోజూ సాయంత్రం వెలిగించేదాన్ని. మొదటిరోజు ఇంట్లో వెలిగిస్తే పైన ఆ పొగ అలారం కుయ్యోమని మొత్తుకుంది, వీధి వీధంతా తొంగి చూసింది. ఎవరూ చూడకూడదని నేను చేసిన పని అది! అప్పట్నుంచి డెక్కు మీద, కంచె పక్కన పెట్టేదాన్ని. "మీ అమ్మకు భక్తి ఎక్కువైంది," అని మీ నాన్న మా సుజాతతో అంటూ నవ్వేవాడు. నవ్వనీ అనుకున్నా.

ఒకరోజు సాంబ్రాణి వెలిగించి లేస్తున్నా, వీధిలో పోలీసు కారు ఆగింది. ఆ నీలం పసుపు గళ్ళది. ఒక్కడే దిగాడు, పిల్లాడే, నీకంటే కాస్త పెద్ద, అంతే. తిన్నగా మన గేటులోకే వచ్చాడు. సాంబ్రాణి పళ్ళెం నా చేతిలోనే ఉంది. ఏదేదో అడుగుతున్నాడు, నాకు ఒక్క ముక్క ఎక్కడంలా. ట్రైలర్, ట్రైలర్ అంటున్నాడు. కెమెరా ఉందా అంటున్నాడు. "నో కెమెరా. నో కార్. ఓన్లీ గాడ్ స్మోక్," అన్నా పళ్ళెం చూపించి. ఆ పిల్లాడు కంచె వైపు తిరిగి గట్టిగా గాలి పీల్చాడు. ఇంక అయిపోయింది, సుజాతా, నన్ను క్షమించు తల్లీ అనుకున్నా. వాడు నా వైపు తిరిగి, "నైస్ స్మెల్," అన్నాడు. అని నవ్వి, పక్కవీధిలో ఎవరిదో ట్రైలర్, అదే కారు వెనక తగిలించే తొట్టి బండి, దొంగలెత్తుకుపోయారంట, ఎవరైనా కనపడితే చెప్పమని పోయాడు. నిజంగా తెలియక అన్నాడో, తెలిసే అన్నాడో నాకిప్పటికీ తెలియదు. వాడు పోయాక సాంబ్రాణి ఇంకో కప్పు వెలిగించా.

ఆ తర్వాతే హెలికాప్టరు. మార్గ్ గారిని చూడ్డానికి మీ అమ్మతో హాస్పిటల్‌కి పోతే, పక్క మంచం ఆవిడ ఎవరితోనో చెప్తోంది. ఈ సీజన్లో పోలీసులు హెలికాప్టర్లో తిరుగుతారు, పైనుంచి చూస్తే ఆ మొక్క పచ్చదనం వేరేగా కనపడుద్దంట అని. మార్గ్ గారు నా వంక చూసింది. నేను ఆవిడ వంక చూశా. మీ అమ్మ మధ్యలో నిలబడి, "టొమాటోలు బాగా కాశాయంట మార్గ్, అమ్మ రోజూ చూసుకుంటోంది," అంది సంతోషంగా. అప్పుడు నా మొహం ఎట్టా ఉందో! అప్పట్నుంచి పైన చప్పుడైతే చాలు. ఒకసారి గ్లాస్‌హౌస్‌లో ఉండగానే మీదగా పోయింది. టొమాటో పాదుల కింద పడుకున్నానమ్మా, ఈ వయసులో, చీర నిండా మట్టి. కాలిన్ గారు కిటికీలోంచి చూసి, రెండు చేతులూ ఊపుతూ "హాస్పిటల్! హాస్పిటల్!" అని అరుస్తున్నాడు. నాకది "హైడ్! హైడ్!" అని, దాక్కోమన్నట్టు వినపడి ఇంకా లోపలికి దూరా.

నవ్వు, నవ్వు. నాకూ ఇప్పుడు నవ్వొస్తుంది.

కానీ చూడు, మనిషి మనసు ఎట్టాంటిదో. అవి ఎప్పుడు పోతాయా అని ఒక పక్క దేవుడికి మొక్కుతూనే, ఇంకో పక్క ఆకు వాడితే కంగారు పడేదాన్ని. ఏప్రిల్లో, ఇక్కడ చలి పుంజుకునేది అప్పుడే గదా, పొగమంచు మొదలైంది. పొద్దున లేస్తే కంచె కూడా కనపడదు గదా ఇక్కడ. నాకు పొగాకులో తెలుసు, చెమ్మ ఆగితే బూజొస్తుంది. ఒకరోజు చూస్తే ఒక పెద్ద పూల గెల లోపల బూడిదరంగుగా, మెత్తగా. దొరికిపోతామని భయం, కుళ్ళిపోతుందని భయం. రెండు భయాలు కలిపి మోశా. ఏ భయం పెద్దదంటే చెప్పలేను.

ఆ గెల తుంచుకుపోయి కాలిన్ గారికి చూపించా. కోసేద్దామన్నా. ఆయన దగ్గరొక భూతద్దం ఉండేది, దాంతో అటు తిప్పీ ఇటు తిప్పీ చూసి, ఇంకా పక్వానికి రాలా, ఇంకొన్నాళ్ళు ఆగాలన్నాడు. ఆగితే మొత్తం పోద్దన్నా. ఆయన మొండి, నేను మొండి. "యూ కౌస్. మీ లీఫ్!" అన్నా గట్టిగా. ఆవుల సంగతి నువ్వు చెప్పు, ఆకు సంగతి నేను చెప్తా అని నా ఉద్దేశం. ఆయన నవ్వాడు. నొప్పికి నవ్వు సగంలో ఆగిపోయింది. "సరే బాస్," అన్నాడు.

ఆ మధ్యాహ్నమే కోశా. మార్గ్ గారు కుట్టుపని చేసుకునే గదిలో బట్టలారేసే స్టాండుంటే, దానికి తలకిందులుగా వేలాడదీశా. గదిలో ఆ వాసన చూడాల, కళ్ళు మండేటట్టు. చేతులకు జిగురు, ఎంత రుద్దినా పోలా, కొబ్బరినూనె రాస్తే వదిలింది. తలంటు పోసుకున్నా, చీర ఉతికి ఆరేశా. అంతా చేశాననుకున్నా. పైన వేసుకున్న స్వెట్టరు మర్చిపోయా. తలుపు వెనక కొక్కేనికి తగిలించింది తగిలించినట్టే ఉంది.

మీ అమ్మ షిఫ్టు నుంచి వచ్చింది. బట్టలు మిషన్లో వేద్దామని ఆ స్వెట్టరు తీసింది. తీసి, ముక్కు దగ్గర పెట్టుకుంది.

"అమ్మా, ఇదేం వాసన?"

"సాంబ్రాణమ్మా."

"అమ్మా."

అంతే అంది. నేను పొయ్యి వైపు తిరిగా. పప్పు కలుపుతున్నా, పొయ్యి వెలిగించనే లేదు.

"ఎమర్జెన్సీ వార్డులో రోజూ ఈ వాసనేసుకుని వస్తారమ్మా జనం. నాకు తెలియదా? ఎక్కడిది ఇది?"

చెప్పా. మొదట్నుంచీ చెప్పా. చెప్తుంటే అది కుర్చీలో కూర్చుంది, స్వెట్టరు ఒళ్ళో పెట్టుకుని. ఏడుపు మొదలుపెట్టింది. "ఎవరైనా చూస్తే నా రిజిస్ట్రేషన్ ఏమవుద్దో ఆలోచించావా? నిన్ను స్టేషన్లో కూర్చోపెడితే నీ బీపీ బిళ్ళ ఎవరిస్తారు? అన్నం ఎవరు పెడతారు? ఇన్ని రోజులు రోజూ నా కళ్ళలోకి చూసి టొమాటోలన్నావు!"

"ఆయనకు నొప్పమ్మా," అన్నా. "మీ నాన్న మాదిరే. నాకు ఇంకేం చెయ్యాలో తోచలా."

అప్పుడు లేచి అరిచింది చూడు. మీ అమ్మ అరవగా నువ్వెప్పుడైనా విన్నావా? నేను అదే మొదలు వినడం. "నొప్పికి నేనున్నా గదమ్మా! నేను చేసే పనే అది! పక్కింట్లో మనిషి నొప్పితో ఉంటే నాకు చెప్పకుండా గంజాయికి చెప్పావా?"

నిజమే గదా. అన్ని రోజులు భయపడుతూ దాచింది ఎవరి దగ్గర? చెయ్యగలిగిన మనిషి దగ్గరే. భయం అట్టాంటిది తల్లీ. తలుపు ఇటుంటే అటు పరిగెత్తిస్తుంది.

మొహం కడుక్కుని, "పద," అంది. నేను వెనకాల పోయా. మా అమ్మ ఇంక రాదు, మీ పని మీరు చూసుకోండి అని గట్టిగా చెప్దామనే పోయిందంట. తర్వాత నాతో అంది. లోపలికి పోయేటప్పటికి కాలిన్ గారు కుర్చీలో ఒక పక్కకు వాలి ఉన్నాడు. పొద్దున వచ్చి ఆయన్ను చూసుకుని పోయే కేర్‌గివర్ పెట్టిన సాండ్‌విచ్ పెట్టినట్టే ఉంది. చొక్కా చెమటతో తడిసిపోయి ఉంది, ఆ చలిలో. మీ అమ్మ ఒక్క నిమిషం గుమ్మంలో నిలబడింది. తర్వాత పోయి నేల మీద మోకాళ్ళేసి ఆయన ముందు కూర్చుంది.

"కాలిన్, నొప్పికి సున్నా నుంచి పదిలోపు ఒక నంబరివ్వాలంటే ఎంతిస్తారు?"

"నాట్ టూ బ్యాడ్, సూ." సుజాత పేరు ఆయన నోటికి అంతే తిరిగేది.

"నేను పొరుగింటిదానిగా అడగడంలా. నర్సుగా అడుగుతున్నా."

ఆయన దాని మొహం చూశాడు. "తొమ్మిది," అన్నాడు. అని, ఏడ్చాడు. అంత మనిషీ.

అక్కడి నుంచి మీ అమ్మ చూసుకుంది. ఆ సాయంత్రమే ఫోన్లు, మర్నాడు ఇంటికొచ్చే నర్సు, ఆ వారంలోనే నొప్పి తగ్గించే డాక్టరమ్మ ఇంటికొచ్చింది. మందులు మార్చింది. ఆయన నోరు తెరిచి గంజాయి సంగతి అడిగాడు. మీ అమ్మ పక్కన నిలబడి అడిగించింది. ఆ డాక్టరమ్మ ఏమీ కోపం చెయ్యలా, చట్టం ప్రకారం దొరికే చుక్కల మందు రాసిచ్చింది. ఆ చుక్కలు పనిచేశాయో, మార్చిన మాత్రలే పనిచేశాయో నాకు తెలియదు. ఆయన నిద్రపోయాడు. కుర్చీ చెయ్యి పట్టుకోవడం మానేశాడు. అది నేను చూశా.

మార్గ్ గారు వాకర్‌తో ఇంటికొచ్చాక నన్ను పట్టుకుని, "నిన్ను ఇరికించా రత్నా, నాకింకెవరూ తోచలా," అని ఏడ్చింది. మీ అమ్మ ఆవిడతో కొన్నాళ్ళు ముభావంగా ఉంది. ఉండదా మరి. తర్వాత తర్వాత తనే పోయి ఆవిడ మందుల డబ్బా సర్ది వచ్చేది. కాలిన్ గారు చలికాలం మధ్యలో పోయాడు. ఇంట్లోనే, మార్గ్ గారి పక్కనే, మూలుగు లేకుండా. మీ అమ్మ ఆ పొద్దున అక్కడే ఉంది. ఇంటికొచ్చి నా ఒళ్ళో తలపెట్టుకుని పడుకుంది, చిన్నప్పటి మాదిరి. మీ తాత పోయినప్పుడు రాలేకపోయింది గదా అది, పరీక్షలని. ఆ మాట ఇద్దరం అనుకోలా.

ఆగు, కోసినవి ఏం చేశామో చెప్పలేదు గదూ. మధ్యలో వదిలేశా. మీ అమ్మ చెప్పమన్నదాంట్లో ఇదీ ఉంటుంది.

డాక్టరమ్మ వచ్చిపోయాక, కాలిన్ గారే మీ అమ్మను పిలిచాడు. "సూ, నీ ఉద్యోగానికి ముప్పు తెచ్చి నేను నిద్రపోలేను. అదంతా తీసి పారెయ్యమని మీ అమ్మకు చెప్పు," అన్నాడు. ఎవరూ అడగలా ఆయన్ని, తనకై తనే అన్నాడు. హాల్లో కట్టెల పొయ్యి ఉంది గదా, దాంట్లో వేసేద్దామన్నా నేను. మీ అమ్మ నెత్తి కొట్టుకుంది. "అమ్మా, ఆ పొగ పోతే ఇంక వీధి మొత్తానికి పెళ్ళి భోజనమే!" అంది. ఆ గొడవలో అదే మొదటిసారి ముగ్గురం నవ్వడం.

పూడ్చేద్దామనుకున్నాం. జామకాయల్లాంటివి కాస్తుందే, ఆ ఫీజోవా చెట్టు కింద నేల మెత్తగా ఉంటే గుంట తవ్వా. చెట్టు నిండా కాయలు, కింద రాలి మగ్గిన వాసన. మీ అమ్మ ఆ కొమ్మలు ముట్టుకోలా, ముట్టుకోనివ్వలా నేను. అది గేటు దగ్గర కాపలా. కాలిన్ గారిని దుప్పటి కప్పి డెక్కు మీద కుర్చీలో కూర్చోబెట్టాం, చూస్తానన్నాడు. నేను స్టాండు మీదవి మోసుకొస్తుంటే, చెయ్యి చాపి ఒకటి ఇమ్మన్నాడు. భూతద్దం పెట్టి చూశాడు. బాగా ఆరింది, ఎక్కడా బూజు లేదు. నేను చెప్పిన రోజునే కొయ్యబట్టి నిలిచింది గదా మరి.

"గుడ్ క్రాప్, రత్నా," అన్నాడు. "యువర్ క్రాప్."

నేను చేతిలో కొమ్మలు కింద పెట్టేశా.

ఎన్నేళ్ళు చేశా నేను సేద్యం! నారు పోశా, తలలు తుంచా, పిలకలు తీశా, ఆకు కోసి కర్రలకు కట్టి బేరన్ కొట్టంలో వేడికి ఎండబెట్టా. పుట్టింట్లో అది మా నాయన పంట. అత్తింట్లో మీ తాత పంట. వేలానికి పోయేటప్పుడు కాయితం మీద వాళ్ళ పేరు, ఊళ్ళో పొగిడితే వాళ్ళనే పొగిడేవాళ్ళు. తప్పని అనడంలా, ఆ రోజులంతే. నీ పంట అని నాతో అన్నది ఈ దేశంలో, మన భాష రాని ఒక ముసలాయన, అదీ దేని గురించో చూడు! ఎవరికీ చెప్పుకోలేని దాని గురించి. అని, ఆ కొమ్మ నా చేతికే ఇచ్చాడు, గుంటలో వెయ్యమని.

వేశా. మట్టి కప్పా. కాలితో తొక్కా. ఏడుపొచ్చింది, భయం పోయినందుకో, పంట పోయినందుకో. మీ అమ్మ గేటు దగ్గర్నుంచి చూస్తోందని, చెమట తుడుచుకున్నట్టు కొంగుతో తుడుచుకున్నా.

అంతే. ఇంకేముంది చెప్పడానికి. మీ అమ్మ వచ్చే వేళయింది. ఇట్టా రా, దగ్గరికి రా. చల్లగా ఉండు తల్లీ. నువ్వు ఏది పెంచినా, ఏ పని పట్టినా, ఇది నాదని నలుగురిలో నిలబడి చెప్పుకునేట్టు ఉండాల నీ బతుకు. నీ చేత్తో పెంచింది నీ చేత్తో పూడ్చే రోజు నీకు రాకూడదు. ఊఁ... రాకూడదు. నొప్పొచ్చిందనుకో, నాట్ టూ బ్యాడ్ అనబాక. ఎవరో ఒకరికి చెప్పు. మీ అమ్మకు చెప్పు. నాకైనా...